వలస పరిష్కారం కాదు: ఐర్లాండు నేర్పిన పాఠం

యుద్ధమేదీ లేకుండా ఒక దేశపు జనాభా అరవై సంవత్సరాలలో దాదాపు సగానికి పడిపోవడం చరిత్రలో అరుదు. 1841 జనాభా లెక్కల ప్రకారం ఐర్లాండులో 81 లక్షల 75 వేల మంది ఉండేవారు. 1901 నాటికి మిగిలినవారు 44 లక్షల 59 వేల మంది మాత్రమే. కొందరు ఆకలితో, జ్వరాలతో మరణించారు. అంతకు ఎన్నో రెట్ల మంది ఓడలెక్కి దేశం విడిచిపోయారు.

దీనికంతటికీ బంగాళాదుంప తెగులే కారణమని చెప్పడం పరిపాటి. అది అర్ధసత్యం. 1845లో ఆ తెగులు సోకిన మాట నిజమే. కాని అదే తెగులు బెల్జియం, హాలెండు పొలాలను కూడా నాశనం చేసింది. అక్కడ పది లక్షల మంది చావలేదు. ఐర్లాండులో భూమి భూస్వాములది. వారిలో అనేకులు ఇంగ్లండులో కాపురముండేవారు. రైతు పండించిన ధాన్యం, మేపిన పశువులు కౌలు చెల్లింపు కొరకు అమ్ముడుపోగా, అతని కుటుంబానికి మిగిలేది చిన్న చెక్కలో పండే దుంప మాత్రమే. ఆ దుంప కుళ్ళిపోయిన సంవత్సరాలలో సైతం ధాన్యం, పశువులు ఇంగ్లండుకు తరలిపోతూనే ఉన్నవి. 1847 నాటి చట్టం పావు ఎకరానికి మించి సాగుచేసుకునేవానికి ప్రభుత్వ సహాయం నిరాకరించింది. గంజి కావాలంటే భూమి వదులుకోవాలి! లండను ఖజానా నుండి ఈ సహాయ కార్యక్రమాలను నడిపిన చార్లెస్ ట్రెవిల్యన్, వ్యాపారంలో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదని నమ్మినవాడు. తెలుగు జిల్లాలు కూడా చేరియున్న మద్రాసు రాజధానికి 1859లో గవర్నరుగా వచ్చినది ఆయనే.

కౌలుదార్లను పోషించడం కంటే ఓడ ఎక్కించడమే చౌక అని అనేకమంది భూస్వాములు లెక్క వేసుకున్నారు. బ్రిటిష్ విదేశాంగ మంత్రి పామర్‌స్టన్ ప్రభువు 1847లో స్లైగోలోని తన ఎస్టేటు నుండి సుమారు 2,000 మందిని కెనడాకు పంపివేశాడు. ఆ ఒక్క సంవత్సరంలోనే కెనడాలోని గ్రోస్ ఈల్ అనే క్వారంటైను ద్వీపంలో 5,000 మందికి పైగా వలసదారులు ఖననమయ్యారు. ఆనాటి ఓడలకు ‘శవపేటిక ఓడలు’ అనే పేరు ఊరకే రాలేదు.

బ్రతికి ఒడ్డు చేరినవారు ఇంటికి ఉత్తరాలతో పాటు డబ్బు పంపారు. బ్రిటిష్ వలస కమిషనర్ల లెక్క ప్రకారం 1851లో ఉత్తర అమెరికా నుండి ఈ విధంగా వచ్చిన సొమ్ము దాదాపు 9 లక్షల 90 వేల పౌండ్లు. పరాయి ఇళ్ళలో పనిచేసే ఆడపిల్లలు, కాలువలు త్రవ్వే కూలీలు కడుపు కట్టుకుని కూడబెట్టిన సొమ్ము అది. అందులో కొంత తమ్మునికో చెల్లెలికో ఓడ ఖర్చు అయింది. కొంత భూస్వామికి కట్టవలసిన కౌలు బకాయికి పోయింది. అనగా న్యూయార్కులో చెమటోడ్చిన కూలి డబ్బు మేయోలోని భూస్వామి పెట్టెలో పడింది. వలస ఆ దోపిడీని అంతం చేయలేదు సరికదా, దాని ఆయుష్షును పొడిగించింది.

వలస వెళ్ళిన చోట వారికి దక్కినదేమిటి? 1832లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో రైలు కట్ట వేయడానికి వచ్చిన 57 మంది ఐరిష్ కూలీలు కొన్ని వారాలలోనే మరణించి, ఆ కట్ట ప్రక్కనే గుర్తు లేని గోతులలో పూడ్చబడ్డారు. కారణం కలరా అన్నారు. 2009లో త్రవ్వకాలలో బయల్పడిన పుర్రెలలో కొన్నింటిపై హింస జరిగిన గుర్తులు కూడా కనిపించాయి.

తరువాతి కాలంలో తూర్పు నుండి యూనియన్ పసిఫిక్ మార్గంపై ఐరిష్ కూలీలు పెద్ద సంఖ్యలో పనిచేయగా, పడమటి నుండి సెంట్రల్ పసిఫిక్ మార్గాన్ని వేసినవారిలో అధికులు చైనీయులు. 1867లో చైనా కూలీలు వేతనాల పెంపు కోరి సమ్మె చేయగా, కంపెనీ తిండి సరఫరా నిలిపివేసి సమ్మెను అణచివేసింది. 1869 మే 10న పట్టాలు కలిసినవి. వాటిని వేసిన శ్రామికులు మాత్రం కలవలేదు. కార్క్ ప్రాంతంలో పుట్టి కాలిఫోర్నియా చేరిన డెనిస్ కియర్నీ 1877లో కార్మికుల పేరుతోనే పార్టీ నడుపుతూ, చైనీయులను వెళ్ళగొట్టాలని ఊరూరా ప్రచారం చేశాడు. 1882లో చైనా కార్మికుల ప్రవేశాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆకలికి తాళలేక వచ్చినవాడు, తనవలెనే వచ్చిన మరొక శ్రామికుని శత్రువుగా ఎంచాడు. కంపెనీలకు ఇంతకంటే కావలసినదేమున్నది?

అయితే మరొక మార్గం కూడా ఉన్నదని నిరూపించినవాడు మైకేల్ డేవిట్. 1846లో మేయోలో జన్మించాడు. 1850లో కుటుంబం బేదఖలు పాలై ఇంగ్లండులోని లాంకషైరుకు చేరింది. పదకొండవ ఏట నూలు మిల్లు యంత్రంలో కుడిచేయి పోగొట్టుకున్నాడు. అటుపిమ్మట ఒక తపాలా కార్యాలయంలో పనికి కుదిరాడు. ఆ ఒంటిచేతి మనిషే 1879లో లాండ్ లీగు స్థాపనకు పూనుకున్నాడు. 1880లో మేయో రైతులు, కూలీలు ఏకమై ఒక భూస్వామి ఏజెంటును వెలివేయగా, అతని పేరే ‘బాయ్‌కాట్’ అనే మాటగా ప్రపంచమంతా వ్యాపించింది. 1905లో మన వందేమాతరం ఉద్యమానికి ఆయుధమైంది. అమెరికాలోని ఐరిష్ శ్రామికులు లీగుకు విరాళాలు పంపారు. నిన్నటి వరకు కౌలు బకాయికి పోయిన డాలరు, నేడు కౌలుపై పోరాటానికి వచ్చింది! వలస వెంటనే ఆగలేదన్నది వాస్తవమే. కాని 1881 చట్టం న్యాయమైన కౌలు నిర్ణయానికి, 1903 చట్టం భూమి రైతుల పరం కావడానికి దారితీసినవి. దేశం విడిచిన లక్షలాది కాళ్ళు సాధించలేనిది, కలిసిన చేతులు సాధించినవి.

రైల్వే, తపాలా సోదరులకు ఇది పరాయి దేశపు పాత కథ కాదు. మన రైలు కట్టలపై కాంట్రాక్టరు క్రింద పనిచేసే కూలీ కూడా తరచుగా ఏదో ఒక ఊరు విడిచి వచ్చినవాడే. అతని భాష వేరు కావచ్చు, కూలి తక్కువ కావచ్చు. అతనిని మన పనికి పోటీ వచ్చినవానిగా చూస్తే మనది కియర్నీ దారి. అతని చేతిలో సంఘ సభ్యత్వ రసీదు పెడితే మనది డేవిట్ దారి. ఏ దారి యజమానికి లాభమో, ఏది శ్రామికునికి లాభమో ఐర్లాండు చరిత్ర చెప్పనే చెప్పింది.