వద్దంటే వద్దని చెప్పాలి

మొన్న వేసవి సెలవుల్లో మా మావయ్యకి ఓ మేలు చేద్దామని వెళ్లి, ఆయన చేత డెమరేజ్ కట్టించాను. మనలో హోస్టింగ్ కొని సైట్లు పెట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. అదే తప్పు మీలో ఎవరో ఒకరు ఈపాటికి చేసే ఉంటారు, కాకపోతే ఇంకా తెలిసి ఉండదు. అందుకే ఇది రాస్తున్నా.

మావయ్యది విశాఖ పోర్టు ఏరియాలో చిన్న క్లియరింగ్ ఏజెన్సీ. ఇద్దరు గుమస్తాలు, ఒక ప్రింటర్, సొంత డొమైన్ మీద మెయిల్. ఆ మెయిల్ తెరిస్తే లాటరీలు, అప్పులు, ఎవరో తెలియని మహారాజుల ఆస్తులు. "కంప్యూటర్ సైన్సే కదరా చదువుతున్నావు, ఈ చెత్త ఆపలేవా?" అన్నారు. ఆపేస్తానన్నాను.

సీప్యానెల్ తెరిచి రెండు పనులు చేశాను. మొదటిది డిఫాల్ట్ అడ్రస్. మన డొమైన్ మీద అసలు లేని అడ్రస్‌కి మెయిల్ వస్తే ఏం చేయాలో చెప్పే చోటు అది. అక్కడ 'డిస్కార్డ్' పెట్టాను. పక్కనే 'నాట్ రికమెండెడ్' అని రాసే ఉంది. మనం అలాంటివి చదవం కదా! రెండోది, గ్లోబల్ ఈమెయిల్ ఫిల్టర్స్‌లో ఒక రూల్: మెయిల్ బాడీలో 'అర్జెంట్ పేమెంట్' అని ఉంటే డిస్కార్డ్ చేసెయ్. మర్నాటికి ఇన్‌బాక్స్ అద్దంలా ఉంది. మావయ్య సమోసాలు తెప్పించారు.

వారం తిరక్కుండానే ఫోన్. "ఏట్రా, మెయిలే రాలేదంటే వాళ్లు నాలుగు రోజుల కిందటే పంపామంటున్నారు!"

ఒక ఇంపోర్టర్ పంపిన మెయిల్ అది. కంటైనర్ దిగింది, డెలివరీ ఆర్డర్ కోసం డబ్బు వెంటనే కట్టాలి, కాగితాలు అటాచ్ చేశాం అని సారాంశం. అందులో 'అర్జెంట్ పేమెంట్' అన్న రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. క్లియరింగ్ ఏజెన్సీకి వచ్చే మెయిళ్లలో ఆ మాటలు లేకుండా ఎలా ఉంటాయి? సీప్యానెల్‌లోనే ట్రాక్ డెలివరీ తెరిచి చూస్తే మెయిల్ మన సర్వర్‌దాకా వచ్చినట్టే ఉంది. సర్వర్ తీసుకుంది, నా రూల్ పారేసింది. పంపినవాళ్లకి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఈలోగా ఫ్రీ డేస్ అయిపోయాయి, కంటైనర్ మీద రోజువారీ చార్జీ మొదలైంది.

మావయ్య పెద్దగా తిట్టలేదు. "అందలేదని వాళ్లకి తెలిసుంటే ఫోన్ చేసేవారు కదరా" అన్నారు, అంతే. నాకు ఆ మాటే పట్టుకుంది. మెయిల్ వద్దనుకోవడం మన హక్కు. కానీ వద్దన్న సంగతి పంపినవాళ్లకి తెలియాలి. తెలియజేయడం కుదరకపోతే ఆ మెయిల్‌ని ఓ పక్కన పెట్టాలి. తీసుకున్నట్టు నటించి మింగేయడం మాత్రం తప్పు.

ఇది మర్యాద కోసం చెప్తున్న మాట కాదు, మెయిల్ పనిచేసే పద్ధతే అది. మన పోర్టునే చూడండి. ఓడ సరాసరి బెర్త్‌కి వచ్చేయదు. బయట లంగరు వేసుకుని ఆగుతుంది. పిలుపొస్తే పైలట్ ఎక్కి, డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి లోపలికి తెస్తాడు. రానివ్వకూడదు అనుకుంటే ఓడ సముద్రంలో ఉండగానే చెప్తారు. అంతేగానీ బెర్త్‌కి కట్టించి, సరుకు దింపించుకుని, 'అందింది' అని కాగితం ఇచ్చి, రాత్రికి రాత్రి ఆ సరుకుని సముద్రంలో పారబోయరు.

మెయిల్‌కి కూడా అలాంటి లంగరు చోటు ఉంది. 1982లో ఆర్‌ఎఫ్‌సీ 821గా వచ్చిన ఎస్‌ఎంటీపీ ప్రకారం, పంపే సర్వర్ ముందు తనెవరో చెప్తుంది. తర్వాత ఎవరి నుంచి, ఎవరికి అని చెప్తుంది. ఇవన్నీ అయ్యాకే ఉత్తరం లోపలికి వస్తుంది. 'ఎవరికి' అన్న దగ్గర మన సర్వర్ 550 అంటే కథ అక్కడితో సరి. ఉత్తరం రానే రాదు, వెళ్లలేదన్న కబురు పంపినవాళ్లకి వాళ్ల సర్వరే చెప్తుంది. డిఫాల్ట్ అడ్రస్‌లో 'ఎస్‌ఎంటీపీ టైమ్'లో ఎర్రర్ మెసేజ్‌తో తిప్పి పంపే ఆప్షన్ చేసేది సరిగ్గా ఇదే. అలా కాకుండా ఉత్తరం మొత్తం తీసుకుని 250 అన్నామంటే బాధ్యత మన నెత్తికి వచ్చినట్టే. 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321 ఆ మాట స్పష్టంగా చెప్తుంది: తీసుకున్నాక చేర్చాలి, లేదా చేర్చలేకపోయానని చెప్పాలి. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఇక్కడ మన మౌనం పూర్తి అంగీకారం, ఆపైన మోసం.

తమాషా ఏంటంటే, ఇంటర్నెట్ పెద్దల్లో ఒకరైన జాన్ పోస్టెల్ 1975 నవంబర్‌లోనే, ఆర్‌ఎఫ్‌సీ 706లో, చెత్త మెయిల్ గురించి రాశారు. అక్కర్లేని సందేశాలని నిరాకరించే దారి నెట్‌వర్క్‌లో లేదన్నదే ఆయన బాధ. గ్యారీ థుర్క్ అనే సేల్స్ ఆయన ఆర్పానెట్‌లో దాదాపు నాలుగొందల మందికి ఒకేసారి ప్రకటన పంపింది 1978 మేలో. అంటే స్పామ్ అనదగ్గ మొదటి మెయిల్ రాకముందే 'వద్దు' అనే మార్గం కావాలని అడిగినవాళ్లున్నారు. ఈ రోజు ఆ మార్గం ఒక్క క్లిక్ దూరంలో ఉంటే మనం దాన్ని వదిలేసి చెత్తబుట్ట వెతుక్కుంటున్నాం.

"లేని అడ్రస్‌లకి ఎర్రర్ ఇస్తే, ఉన్నవేవో స్పామర్లకి తెలిసిపోదా?" అని మా రూమ్మేట్ అడిగాడు. తెలుస్తుంది, కాదనను. కానీ మావయ్య మెయిల్ ఐడీ ఆఫీసు బోర్డు మీదా, లెటర్‌హెడ్ మీదా, విజిటింగ్ కార్డు మీదా ఉంది. అది రహస్యం కాదు. దాన్ని దాచడం కోసం, స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తప్పు కొట్టిన నిజమైన కస్టమర్‌ని చీకట్లో పెట్టడం నాకు నచ్చదు.

ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. ఫిల్టర్లలో 'ఫెయిల్ విత్ మెసేజ్' అని ఒకటి కనిపిస్తుంది. నా వాదన విన్నాక అదే కరెక్ట్ అనిపించొచ్చు. కాదు. ఫిల్టర్ పనిచేసేది మెయిల్ లోపలికి వచ్చేశాక. అప్పుడు తిరుగు కబురు, పంపే సర్వర్ 'ఎవరి నుంచి' అని చెప్పిన అడ్రస్‌కి వెళ్తుంది. స్పామ్‌లో ఆ అడ్రస్ చాలావరకు దొంగదే, ఎవరో అమాయకుడిది. మన చెత్త వాడి ఇంట్లో పోసినట్టవుతుంది. కాబట్టి 'వద్దు' అనేది గుమ్మం దగ్గరే చెప్పాలి. గుమ్మం దాటి వచ్చినదాన్ని ఫోల్డర్‌లో పెట్టాలి. స్పామ్ ఫిల్టర్స్ పేజీలో ఉండే స్పామ్అసాసిన్ ప్రతి మెయిల్‌కీ మార్కులు వేస్తుంది, మామూలుగా 5 దాటితే స్పామ్ అంటుంది. ఆ పేజీలో స్పామ్ బాక్స్ ఆన్ చేయండి, ఆటో డిలీట్ జోలికి పోకండి. మార్కులు వేసేది యంత్రం, పొరపాటు పడుతుంది.

నేను రాసినట్టు మాటల్ని పట్టుకునే రూల్స్ మీద మరీ నమ్మకం పెట్టుకోకండి. ముఖ్యంగా తెలుగులో. తెలుగు మెయిల్ బాడీ చాలాసార్లు బేస్64లోకి మారి ప్రయాణిస్తుంది. దాన్ని విప్పకుండా చూసే రూల్‌కి అది ఇంగ్లీషు అక్షరాల కలగూరగంప. మీరు వెతికే తెలుగు మాట దానికి కనిపించదు. స్పామర్లూ అదే ముసుగు వేసుకోగలరు. చివరికి ఆ రూల్‌కి దొరికేది మామూలు ఇంగ్లీషులో రాసే నిజాయితీపరులే.

ఇది మావయ్య ఒక్కడి గొడవ కాదు. ఫెస్ట్ సైట్లు, క్లబ్బుల సైట్లు ఒక బ్యాచ్ పెడుతుంది, పాస్‌వర్డ్ తర్వాతి బ్యాచ్‌కి వాట్సాప్‌లో వెళ్తుంది. డిఫాల్ట్ అడ్రస్‌లో ఏముందో ఎవరూ చూడరు. ఎక్కడో శ్రీకాకుళంలో ఒకమ్మాయి కథ రాసి, అడ్రస్‌లో ఒక అక్షరం తప్పు కొట్టి పంపిందనుకోండి. ఎర్రర్ వస్తే సరిచేసుకుని మళ్లీ పంపుతుంది. రాకపోతే? మనం చదివి, నచ్చక, జవాబివ్వలేదని అనుకుంటుంది. బహుశా ఇంకో కథ పంపదు.

మావయ్య ఆఫీసులో ఆ రూల్ తీసేశాను. లేని అడ్రస్‌లకి ఇప్పుడు ఎర్రర్ వెళ్తుంది. మిగతా చెత్త స్పామ్ ఫోల్డర్‌లో పడుతుంది, రోజూ పొద్దున్నే గుమస్తా ఒకసారి తెరిచి చూస్తాడు. టీ వచ్చేలోపు అయిపోయే పని. మీ దగ్గర ఏదైనా సైట్ పాస్‌వర్డ్ ఉంటే ఈ రాత్రే డిఫాల్ట్ అడ్రస్ తెరిచి చూడండి. 'డిస్కార్డ్' అని ఉంటే మార్చండి. పక్కన రాసినదాన్ని ఈసారైనా చదవండి.