బొమ్మకూ ఓ మాట కావాలి

మా మిత్రుడొకడు బ్యాంకులో పనిచేస్తాడు. పుట్టుకతోనే చూపు లేదు. తెర మీది అక్షరాలను టాక్‌బ్యాక్ చదివి వినిపిస్తుంటే ఫోన్లో పనులన్నీ చకచకా చేసుకుంటాడు. మొన్నామధ్య ఇంటికొచ్చి, ‘‘ఇదేంటో కాస్త చూడరా’’ అంటూ ఫోన్ నా చేతిలో పెట్టాడు. దూరవిద్యలో ఎంఏ చేద్దామని ఓ వెబ్‌సైట్ తెరిచాడట. నోటీసు మొత్తాన్నీ ఫొటో తీసి పెట్టేశారు. వాడికి వినిపించింది ‘ఐఎంజీ 2043’ అని ఫైలు పేరొక్కటే. నేను చదివాను. గడువు ముందురోజే ముగిసింది! ‘‘సర్లే, వచ్చే ఏడు చూద్దాం’’ అన్నాడు వాడు.

వెబ్‌సైట్‌లో బొమ్మ పెట్టేటప్పుడు ‘ఆల్ట్ టెక్స్ట్’ అని ఓ చిన్న గడి ఉంటుంది. అందులో రాసింది పేజీ మీద కనిపించదు, చూపు లేనివాళ్లకు వినిపిస్తుంది. మనలో చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తాం, లేదా ‘ఫొటో’ అని రాసి ఊరుకుంటాం. అది బొమ్మ అన్న సంగతి ఫోనే చెబుతుంది కదా!

మరి ఏం రాయాలి? ఆ బొమ్మ అక్కడ ఎందుకుందో అది రాయాలి. చార్మినార్ ఫొటోనే తీసుకోండి. కట్టడం గురించిన వ్యాసమైతే ‘నాలుగు మూలలా నాలుగు మినార్లతో చార్మినార్’ అనాలి. లాడ్‌బజార్ వ్యాపారం గురించైతే ‘చార్మినార్ పక్కన గాజుల కొట్ల ముందు జనం’ అనాలి. వెతకడానికి నొక్కే భూతద్దం బొమ్మకు ‘భూతద్దం’ అని రాస్తే ఏం లాభం? ‘వెతకండి’ అనాలి. అందం కోసం పెట్టిన పూలతీగలకు మాత్రం ఆల్ట్‌ను కావాలనే ఖాళీగా ఉంచాలి. ఫోన్ వాటిని దాటేసి ముందుకెళ్తుంది. రెండు ముక్కల్లో చెప్పగలిగిన దానికి పేరా రాయక్కర్లేదు. వినేవాళ్లకూ విసుగే.

ఇక నోటీసులంటారా, వాటిని బొమ్మగా పెట్టకుండా అక్షరాల్లోనే టైప్ చేయడం మేలు. బొమ్మే పెట్టాల్సి వస్తే అందులోని తేదీలు, ఫీజులు, ఫోన్ నంబర్లు ఆల్ట్‌లోకి రావాలి. సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమే చెబుతోంది. అయినా దీనికి చట్టం దాకా ఎందుకు! ‘దరఖాస్తుకు ఆఖరు తేదీ ఫలానా’ అని ఒక్క ముక్క రాసుంటే మావాడు ఈపాటికి పుస్తకాలు కొనుక్కునేవాడు.

ఈసారి మీరు ఫొటో పెట్టేటప్పుడు ఆ గడి కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. ఫోన్లో స్నేహితుడికి ఆ బొమ్మ గురించి ఎలా చెబుతారో, అలాగే రాసేయండి.