పడటం రానివాడికి ఆలీ ఏం వస్తుంది?

మొన్న సోమవారం కుడి మణికట్టుకి కట్టుతో ఆఫీసుకెళ్ళాను. "ఏమైంది బాస్?" అని అడిగిన ప్రతివాడికీ "బైక్ మీంచి పడ్డా" అని చెప్పేశా. అందరూ అయ్యో పాపం అన్నారు. మేనేజరు గారైతే రెండ్రోజులు ఇంటి నుంచే పనిచేసుకోమన్నారు. నిజానికి నేను పడింది మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, స్కేట్‌బోర్డు మీంచి. ఆ మాట మాత్రం నోటికి రాలేదు. ఎందుకు రాలేదా అన్నదే ఈ సోదంతా.

మూడు నెలలుగా ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి, ఎవరూ కార్లు తియ్యకముందే, ఆలీ నేర్చుకుంటున్నాను. (మన కమెడియన్ ఆలీ కాదండోయ్, తాళి కట్టించుకున్న ఆలి అసలే కాదు :)) చేత్తో పట్టుకోకుండా బోర్డుతో సహా గాల్లోకి లేవడాన్ని ఆలీ అంటారు. 1970ల చివర్లో ఫ్లోరిడాలో అలన్ గెల్ఫాండ్ అనే కుర్రాడు దీన్ని కనిపెట్టాడు. ఆలీ అనేది అతని ముద్దుపేరు. అతను చేసింది వాలుగోడల మీద. 1980ల మొదట్లో రాడ్నీ ముల్లెన్ దాన్ని చదును నేల మీదికి తెచ్చాడు. ఇవాళ వీధుల్లో చేసే కిక్‌ఫ్లిప్ లాంటి ట్రిక్కులు చాలావాటికి పునాది ఇదే.

చెప్పుకోడానికి చాలా సులువు. వెనక పాదం ముందుభాగం బోర్డు తోక మీద, ముందు పాదం ముందు బోల్టులకి కాస్త వెనగ్గా పెట్టాలి. మోకాళ్ళు వంచి, పైకి ఎగురుతూ తోకని నేలకేసి టప్‌మని కొట్టాలి. ముక్కు లేస్తుంది. వెంటనే ముందు పాదం అంచుని బోర్డు మీదున్న గరుకు కాగితానికి రాస్తూ ముక్కు వైపుకి జరపాలి. ఆ రాపిడికి తోక కూడా లేచి బోర్డు గాల్లో బల్లపరుపుగా నిలుస్తుంది. మళ్ళీ మోకాళ్ళు వంచి, రెండు పాదాలూ బోల్టుల మీద ఉండేలా దిగాలి. అంతే.

ఇదంతా నాకు కంఠతా వచ్చు. స్లోమోషన్ వీడియోలు ఎన్ని చూశానో లెక్కలేదు. అయినా నేను ఎగిరిన ప్రతిసారీ ముందుకాలు బోర్డు వదిలేసి నేల మీదికి వచ్చేసేది. ఎందుకో అర్థమయ్యేది కాదు. మా వాచ్‌మన్ గారబ్బాయి, పదకొండేళ్ళవాడు, ఓ రోజు అంతా చూసి, "అన్నా, నువ్వు దూకకముందే దిగిపోతున్నవ్" అన్నాడు. ఆ ముక్క ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పలేదు! వాడికి బోర్డిస్తే, పడ్డాడు, నవ్వాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు. నాలుగో ఆదివారానికల్లా రెండంగుళాలు లేచాడు.

మా ఫ్రెండ్స్ కొందరు "ఇది కూడా డీబగ్గింగ్ లాంటిదేరా" అంటారు. నేనొప్పుకోను. కోడ్‌లో తప్పు నా బయట ఉంటుంది. తేడా వస్తే వెనక్కి తిప్పే దారుంటుంది, టెస్ట్ సర్వరుంటుంది. ఇక్కడ తప్పు నా ఒంట్లోనే ఉంది. ఎంసెట్ నుంచి అప్రైజల్ దాకా ఎక్కడా పడకుండా ఉండటమే మనకి నేర్పారు. పడితే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. నేను చెయ్యి నిటారుగా చాపి పడ్డాను. డాక్టరు గారు చూడగానే "చెయ్యి ఆనించావా?" అన్నారు. అదృష్టం బాగుండి బెణికింది, విరగలేదు. మోకాళ్ళు వంచి, చేతులు దగ్గరికి తీసుకుని, భుజం మీద దొర్లిపోవాలట. హెల్మెట్ పెట్టుకున్నాను గానీ, మణికట్టు గార్డులు చిన్నపిల్లలకి అనుకున్నాను. నా తెలివి!

అందుకే నా మటుకు నాకు, ఆలీ కన్నా ముందు నేర్పాల్సింది పడటం. ఆ తర్వాత తోసుకుంటూ వెళ్ళడం, కాలితో ఆపడం, మలుపు తిప్పడం. ఆలీ ఆ తర్వాతే.

టోక్యో ఒలింపిక్స్ 2021లో జరిగినప్పుడు స్కేట్‌బోర్డింగ్ మొదటిసారి పెట్టారు. అందులో జపాన్ అమ్మాయి మిసుగు ఒకామోటో పతకం కోసం ఆఖరి ప్రయత్నంలో పడిపోయి, నాలుగో స్థానంతో ఏడుస్తుంటే, తనతో పోటీపడిన అమ్మాయిలే వచ్చి భుజాల మీదికి ఎత్తుకున్నారు. అక్కడ పడటం పరువు తక్కువ కాదు. మనకేమో బైక్ మీంచి పడితే జాలి, ఆడుకుంటూ పడితే వెటకారం. ఆ వెటకారానికి భయపడే నేను అబద్ధమాడాను. అంటే ఆఫీసులో కూడా దూకకముందే దిగిపోయాను.

నిన్న మేనేజరు గారికి నిజం చెప్పేశాను. "ఈ వయసులో అవేం ఆటలయ్యా" అని నవ్వారు. అనుకున్నంత నొప్పేం పుట్టలేదు.

డాక్టరు గారు మూడు వారాలు ఆగమన్నారు. అందాకా బోర్డూ, హెల్మెట్టూ మా గురువు గారి దగ్గరే ఉంటాయి. మీలో ఎవరైనా ముప్ఫైకి దగ్గర పడుతూ ఇలాంటిది మొదలెట్టాలనుకుంటుంటే మొదలెట్టండి. గార్డులు మాత్రం కొనండి బాబూ.