మేము, మనము: బందరు దొరల తెలుగు పాఠాలు

పరదేశంలో కాపురం పెట్టినవానిని మొదట బాధించేది ఎండ అని లోకులు భావిస్తారు. ఎండకు గొడుగు ఉన్నది; భాషకు గొడుగు లేదు. మతబోధకై వచ్చినవాని కష్టం మరీ పెద్దది. వర్తకునికి వేలి సైగలతో బేరం కుదురుతుంది గాని, వేలి సైగలతో ధర్మోపదేశం సాగదు కదా!

ఇంగ్లండు నుండి రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే మిషనరీలు 1841లో బందరు చేరారు. నోబుల్ గారు 1843లో స్థాపించిన పాఠశాలయే పెరిగి నోబుల్ కళాశాల అయినది. 1864 నవంబరు నాటి ఘోరమైన ఉప్పెనను కూడా చూచి, 1865లో ఆయన ఈ ఊళ్లోనే కన్నుమూశారు.

అటువంటి పరదేశికి మన భాష పన్నే చిక్కులను ఊహించడం కష్టం కాదు. వంటవాడు వచ్చి “బియ్యం నిండుకున్నాయండీ” అంటాడు. నిఘంటువును నమ్ముకొన్న దొర గాదె నిండినదని సంతోషిస్తాడు. ఆ పూట పస్తు. “దీపం కొండెక్కింది” అంటే కిటికీ తెరచి కొండ కోసం వెదుకుతాడు. డెల్టాలో కొండ ఎక్కడిది? “వెళ్లి వస్తాను” అని సెలవు తీసుకొన్న అతిథి కోసం చీకటి పడేదాకా కుర్చీ వేయించి ఎదురు చూస్తాడు. లేమిని లేమి అనకపోవడం మన మర్యాద. అది పుస్తకంలో కంటే వంటింటి గడపలో త్వరగా బోధపడుతుంది.

వీటన్నిటికంటె పెద్ద గండం ‘మేము’, ‘మనము’. ఇంగ్లీషులో ‘వుయ్’ ఒక్కటే. ఉర్దూలో ‘హమ్’ ఒక్కటే. తెలుగులో వినేవానిని కలుపుకొంటే ‘మనము’, విడిచిపెడితే ‘మేము’. బోధకుడు సభలో “మేమందరము పాపులము” అన్నాడంటే, పాపమంతా దొరలదేనని శ్రోతలు హాయిగా ఇంటికి పోవచ్చు. సరిదిద్దుకొందామని ప్రార్థనలో “దేవా, మనము పాపులము” అంటే సర్వేశ్వరుని కూడా పాపుల పట్టీలో చేర్చినట్లవుతుంది!

ఇక మునసబుగారిని ‘మీరు’ అని, దేవుణ్ణి ‘నీవు’ అని పిలవడం ఏమి న్యాయమని పరదేశి విస్తుపోతాడు. మన ఉర్దూ విద్యార్థికి మాత్రం ఇందులో వింత లేదు. అతడూ పెద్దలను ‘ఆప్’ అంటాడు, ఖుదాను ‘తూ’ అంటాడు.

బందరు మిషన్‌లో పనిచేసిన ఏ. హెచ్. ఆర్డెన్ 1873లో తెలుగు వ్యాకరణం ప్రచురించారు. అందులో వాడుకభాషను ముందు, గ్రాంథికాన్ని తరువాత ఉంచారు. నలుగురితో మాట్లాడవలసినవానికి అదే సరియైన క్రమం.

ఈ కథలు దొరలవి మాత్రమేనా? ‘బందరు’ అనేది పారశీక పదం. రేవు అని అర్థం. పెడన కలంకారీలోని ‘కలంకారీ’ కూడా పారశీకమే. పరదేశి పదాలకు మన నాలుకపై ఇంత చోటు ఇచ్చాము. పక్క బల్లపై కూర్చున్న సహాధ్యాయి మన పదాన్ని తడబడి పలికితే ఆ మాత్రం చోటు ఇవ్వలేమా? ఉర్దూ విద్యార్థి ‘ళ’కారం దగ్గర ఆగితే ఒక నవ్వు; తెలుగు విద్యార్థి ‘జిందగీ’లోని తొలి అక్షరాన్ని మన ‘జ’గా పలికితే ఇంకొక నవ్వు. ఆపైన ఇద్దరూ నోరు మూసుకొని ఎవరి గుంపులోకి వారు పోతారు. మూడేండ్లు ఒకే కప్పు క్రింద చదివి పరదేశులుగానే విడిపోతారు. నవ్వడం దోషం కాదు. నవ్వి, దిద్దకుండా విడిచిపెట్టడమే దోషం.

కనుక కళాశాల సంఘంవారు వారానికి ఒక గంట కేటాయించాలని నా మనవి. ఆ గంటలో తెలుగువారికి ఉర్దూ విద్యార్థులు, ఉర్దూవారికి తెలుగు విద్యార్థులు గురువులు కావాలి. పరీక్ష వద్దు, మార్కులు వద్దు. చదువుకు కాలం చాలదని కొందరు అనవచ్చు. పట్టా పుచ్చుకొన్నాక ఉద్యోగంలోనూ అంగడిలోనూ అక్కరకు వచ్చేది కూడా చదువే కదా. విద్యార్థి మిత్రులారా, తప్పు మాట్లాడటానికి సిగ్గుపడకండి. తప్పు మాట్లాడినవానికే ఒప్పు చెప్పే మిత్రుడు దొరుకుతాడు.