మెచ్చుకోలు వేరు... కొనుగోలు వేరు!

"మీ చేతి కందిపొడి అమోఘం వదినగారూ! మీరు షాపు పెడితే జనం క్యూ కడతారు."

ఇలాంటి మాట మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు విన్నవాళ్ళమే. పొడులు కాకపోతే పచ్చళ్ళు, అవీ కాకపోతే జాకెట్ల మీద మగ్గం పని. ఆ రాత్రి ఇక నిద్ర పట్టదు. తెల్లారేసరికి షాపు పేరు, బోర్డు రంగు కూడా మనసులో ఖాయమైపోతాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

కలలు కనడం తప్పని నేననను. కానీ ఆ కల కోసం ఒంటి మీది బంగారం తీసేముందు ఒక్క పరీక్ష పెట్టుకోమంటాను. మనకు ముక్కూ మొహం తెలియని మనిషి పూర్తి ధర ఇచ్చి కొని, అది అయిపోయాక మళ్ళీ మనల్ని వెతుక్కుంటూ వస్తోందా? ఈ ప్రశ్నకు జవాబు దొరికేదాకా షాపూ వద్దు, అప్పూ వద్దు.

ఇది ఎక్కడో చదివి చెబుతున్న మాట కాదు, మా ఇంట్లోనే జరిగింది. రెండేళ్ళ కిందట గుంటూరులో ఉండే మా తోటికోడలు వచ్చి, "అక్కా, గాజులు తాకట్టు పెట్టి పొడుల షాపు తెరుద్దామనుకుంటున్నా, నువ్వేమంటావ్?" అంది. వాళ్ళమ్మ పెళ్ళికి పెట్టిన గాజులవి. నెలకు 8 వేల అద్దెకు షాపు కూడా చూసేసుకుంది. పొడి ఆడే మిషను బేరం నడుస్తోంది.

"ఎవరు కొంటారే?" అన్నాను.

"మా అపార్ట్‌మెంట్‌లో అందరూ అడుగుతున్నారక్కా!"

"అడుగుతున్నారా, కొంటున్నారా?"

దానికి మాత్రం జవాబు లేదు. ఎందుకంటే అప్పటిదాకా తను అందరికీ ఊరికే గిన్నెల్లో పెట్టి పంపిందే తప్ప, ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. పొరుగింటి పుల్లకూర ఎప్పుడూ రుచే మరి!

ఇద్దరం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. నెల రోజులు గాజుల జోలికి వెళ్ళకూడదు. ఇంట్లోనే 5 కిలోల కందిపొడి, 5 కిలోల కరివేపాకు పొడి చేసి, పావుకిలో చొప్పున 40 ప్యాకెట్లు కట్టాలి. ప్యాకెట్ వంద రూపాయలు. రుచికని ఊరికే ఇవ్వడం లేదు, అరువు లేదు, మొహమాటానికి తగ్గించడం అసలే లేదు. చుట్టాలు కొన్నవి లెక్కలోకి రావు. ఎవరు కొన్నారో, మళ్ళీ ఎవరు అడిగారో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఇంట్లో చేసి అమ్మినా సరే, 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద నమోదు కావాలి కాబట్టి ముందు ఆ పని పూర్తి చేసుకుంది.

మొదటి వారం అపార్ట్‌మెంట్‌లో అడిగింది. ఇన్నాళ్ళూ లొట్టలేసుకుంటూ తిన్న ఇరవై ఇళ్ళలో కొన్నది మూడు ఇళ్ళవాళ్ళే. ఒకావిడైతే "ఇంత రేటా? ఇంట్లో చేసుకుంటే ఇందులో సగం కాదు కదా" అనేసిందట. ఆ సాయంత్రం ఫోన్లో ఏడ్చింది పిచ్చిది. నాకూ బాధేసింది. కానీ ఆలోచిస్తే ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? పొడి చేసుకోవడం వచ్చినవాళ్ళు, తీరిక ఉన్నవాళ్ళు పొడి ఎందుకు కొంటారు? మనల్ని మెచ్చుకునేవాళ్ళూ మన దగ్గర కొనేవాళ్ళూ ఒకరే కానక్కర్లేదు.

తర్వాత చోటు మార్చింది. సాయంత్రాలు ఉద్యోగినులు బస్సు దిగే చోట, ఆదివారాలు పిల్లల్ని చూడటానికి తల్లిదండ్రులు వచ్చే కాలేజీ హాస్టళ్ళ దగ్గర నిలబడింది. నెలాఖరుకు 40 ప్యాకెట్లూ అయిపోయాయి. చుట్టాలు కొన్న ఆరు తీసేస్తే 34. వాళ్ళలో రెండోసారి అడిగినవాళ్ళు తొమ్మిది మంది. ఆ తొమ్మిది మందిలో ఏడుగురు పిల్లల్ని హాస్టల్లో ఉంచిన తల్లులే! అందరూ అడిగింది కరివేపాకు పొడే. "కాస్త కారం తగ్గించి చేస్తారా?" అని కూడా అడిగారట. తను గొప్పగా చెప్పుకునే కందిపొడిని మళ్ళీ అడిగినవాళ్ళు ఇద్దరే.

అప్పుడు అసలు లెక్క వేశాం. సరుకులు, గ్యాసు, కవర్లు, లేబుళ్ళు, ఆటో చార్జీలు అన్నీ కలిపి కిలోకు 280 రూపాయలు పడింది. అమ్మకం 400. మిగిలేది 120. మరి షాపు పెడితే? అద్దె 8 వేలు, సాయానికి ఒకమ్మాయిని పెట్టుకుంటే 9 వేలు, కరెంటు వెయ్యి. మొత్తం నెలకు 18 వేలు. దాన్ని 120తో భాగించి చూడండి. ఆ ఖర్చులు పూడాలంటేనే నెలకు 150 కిలోలు, అంటే 600 ప్యాకెట్లు అమ్మాలి. ఆదివారం, పండగ లేకుండా రోజుకు ఇరవై! ఇందులో తాకట్టు వడ్డీ లేదు, తన రెక్కల కష్టానికి రూపాయి లేదు. నెలంతా తిరిగితే అమ్ముడైంది పది కిలోలు.

షాపు మాట తనే మానేసింది. నేను వద్దనలేదు, నోట్‌బుక్కే వద్దంది. ఇప్పుడు ఇంటి నుంచే హాస్టల్ పిల్లల కోసం పొడులు చేస్తోంది. ఫోన్లో ఆర్డర్లు వస్తాయి. నెలకు పాతిక, ముప్పై కిలోలు వెళ్తోంది. చేతికి మూడు వేల పైచిలుకు మిగులుతోంది. పెద్ద సొమ్మేం కాదు, నిజమే. కానీ వడ్డీ లేని సొమ్ము. గాజులు చేతికే ఉన్నాయి. పరీక్షకు పెట్టిన 2,800 రూపాయలు మొదటి నెలలోనే తిరిగి వచ్చేశాయి.

"ఇన్ని లెక్కలు వేస్తే ఎవరూ ఏదీ మొదలుపెట్టరు, దిగితేనే గానీ లోతు తెలియదు" అంటారు కొందరు. దిగొద్దని ఎవరన్నారు? ముందు ఒడ్డున ఒక కాలు పెట్టి చూడమంటున్నాను. లిజ్జత్ పాపడ్ సంగతే చూడండి. 1959 మార్చి 15న ముంబైలోని గిర్గాంలో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తీసుకుని ఒక మేడ మీద కూర్చుని అప్పడాలు ఒత్తారు. మొదటి రోజు చేసింది నాలుగే నాలుగు ప్యాకెట్లు. వాటిని భులేశ్వర్‌లో తెలిసిన ఒక వ్యాపారికి అమ్మారు. అమ్ముడయ్యే కొద్దీ పెంచుకుంటూ పోయారు. ఆ ఏడుగురిలో ఒకరైన జశ్వంతీబెన్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ళకు ధైర్యం లేదనగలమా?

నేనింత గట్టిగా చెప్పడానికి మరో కారణం కూడా ఉంది. మగవాడు వ్యాపారంలో నష్టపోతే "అనుభవం వచ్చిందిలే" అంటారు. అదే ఆడది నష్టపోతే? "మేం ముందే చెప్పాం కదా" అంటారు. ఆ మాట పదేళ్ళు తిరుగుతూనే ఉంటుంది. బంగారం ఒకసారే పోతుంది, కానీ ఆ తర్వాత ఇంకేం చేస్తానన్నా నమ్మేవాళ్ళు ఉండరు. డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పయితే, మన వాయిదా ఆగినప్పుడు భారం తోటి సభ్యుల మీదా పడుతుంది. అందుకే మన మొదటి తప్పు చిన్నదిగా, మనమే భరించగలిగేంతగా ఉండాలి.

పొడులే కాదు, ఏ పనికైనా ఇదే పద్ధతి. మగ్గం పనికి సామాన్లన్నీ కొనకముందే అడ్వాన్సు తీసుకుని మూడు జాకెట్లు కుట్టి ఇవ్వండి. టైలరింగ్ షాపు తెరవకముందు ఇంటి వరండాలో ఒక నెల నడిపి చూడండి. ఎవరినీ "బాగుందా?" అని అడక్కండి, మొహం మీద బాగాలేదని ఎవరంటారు? "ఇప్పుడు ఎవరి దగ్గర కొంటున్నారు, ఎంతవుతోంది, దాంతో ఇబ్బందేంటి?" అని అడగండి. ఎంత డబ్బు, ఎన్ని వారాలు అన్నది ముందే గీత గీసుకోండి. మీరు కూర్చున్న గంటలకు కూలి కట్టి ఖర్చులో రాయండి. మన కష్టం ఊరికే వచ్చేదని మనమే అనుకుంటే, ఇక ఊళ్ళోవాళ్ళు దానికెందుకు విలువిస్తారు?

రేపెవరైనా మీ వంట తిని "షాపు పెట్టెయ్యండి" అంటే సంతోషించండి. ఆ వెంటనే నవ్వుతూ "ప్యాకెట్ వంద రూపాయలండీ, ఎన్ని కట్టమంటారు?" అని అడిగి చూడండి.