రేవు ఎవరికి కలిసొచ్చింది?

విశాఖపట్నం ఎందుకు పెరిగిందంటే పెద్దమనుషులు మూడు మాటలు చెబుతారు. సముద్రం కలిసొచ్చింది, జనం కష్టపడే రకం, యూనివర్సిటీ వచ్చింది. అంటే భూగోళం, సంస్కృతి, చదువు. ఆఫ్రికా దేశాలు ఎందుకు పేదవో చెప్పేటప్పుడు ఇవే మాటల్ని తిరగేస్తారు. ఎండలెక్కువ, అలవాట్లు మంచివి కావు, చదువు లేదు. మాలపల్లి గురించి, మాదిగవాడ గురించి, రెల్లివీధి గురించి కూడా అచ్చంగా ఇదే అంటారు గనక ఈ లెక్కని మనం విప్పి చూడాల్సిందే.

యారాడ కొండ సముద్రంలోకి చొచ్చుకొచ్చి గాలివానలకి అడ్డు నిలబడింది. నిజమే. కానీ కొండ వెనక చిత్తడినేలని తవ్వి 1933లో రేవు తెరిచింది మనుషులు. బురద ఎత్తినవాళ్లు, బస్తా మోసిన కలాసీలు ఏ శిలాఫలకం మీదా లేరు. తెల్లదొరలు ఆ రేవు కట్టించుకున్నది మధ్య పరగణాల మాంగనీసు పట్టుకుపోడానికి. స్వతంత్రం వచ్చాక 1960లలో కొత్తవలస నుంచి అరకు కొండల్ని తొలుచుకుంటూ కిరండూల్ దాకా రైలుమార్గం వేశాం. దేనికి? బైలడిల్లా ఇనుపరాయి జపాను పోడానికి. కొండ ఆదివాసీలది, రేవు మనది, ఉక్కు ఇంకొకడిది.

పశ్చిమ ఆఫ్రికాలో ఘనా అనే దేశముంది. దానికీ సముద్రముంది, ఖనిజముంది. అక్కడ వోల్టా నది మీద అకొసొంబో దగ్గర 1965లో ఆనకట్ట పూర్తయింది. సుమారు 80 వేల మంది ఊళ్లు వదిలిపోయారు. ఆ కరెంటుతో టెమా రేవు దగ్గర అమెరికా కంపెనీలు అల్యూమినియం ఫ్యాక్టరీ నడిపాయి. ఘనా నేలలోని బాక్సైటు ముడిసరుకుగానే ఓడెక్కి పోయింది. ఫ్యాక్టరీకి కావలసిన అల్యూమినా పైదేశాల నుంచి ఓడలో దిగింది. ఇది ఎండల వల్ల జరిగిందా? ఘనా వాళ్లకి చదువు రాక జరిగిందా? ఒప్పందం ఎవరి లాభానికి రాశారో అడగాలి గానీ వాళ్ల అలవాట్లని ఆడిపోసుకుంటే ఏం లాభం!

మన ఉక్కు ఫ్యాక్టరీ కథ దానికి తోడబుట్టిందే. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోతే, 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. 64 ఊళ్ల నేల పోయింది. నష్టపరిహారం ఎకరాల లెక్క. ఎకరం లేనోడికి, పరాయి పొలంలో కూలికెళ్లి బతికేవాడికి పోయినదాన్ని ఏ కొలబద్దతో కొలిచారు? ఇంతా చేసి ఆ ఫ్యాక్టరీకి సొంత గని ఇవ్వలేదు. ఇనుపరాయిని బజారు ధరకి కొనుక్కోమన్నారు. కొని కొని అప్పులపాలైతే, నష్టాలొస్తున్నాయని 2021 జనవరి 27న నూటికి నూరు శాతం వాటా అమ్మేస్తామని నిర్ణయించారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. సంతోషం. అమ్మకం నిర్ణయం రద్దు చేశామన్న మాట మాత్రం ఆ ప్రకటనలో లేదు.

ఇందులో దళితుల గొడవేముంది, ఇది కార్మికుల సమస్య కదా అంటారు కొందరు కామ్రేడ్లు. ఉంది. 1943లో బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో ఉండగా కేంద్ర ఉద్యోగాల్లో మనకి ఎనిమిదింబావు శాతం పైచిలుకు కోటా వచ్చింది. తర్వాత అది 15 శాతమయింది. ఆ కోటా వల్లే మన పిల్లోడి ఐ.టి.ఐ. సర్టిఫికెట్‌కి పోర్టు గేటు దగ్గర, ఉక్కు గేటు దగ్గర విలువొచ్చింది. ఊళ్లో పల్లె వేరు, పేట వేరు. ఉక్కునగరంలో క్వార్టరు గ్రేడుని బట్టి ఇస్తారు, కులాన్ని బట్టి కాదు. పక్కపక్క వాటాల్లో బతకడం మనోళ్లలో చాలామందికి అక్కడే మొదలయింది. సంస్కృతి మారడమంటే మేం చూసినంతలో అది. లేకపోతే ఈ మహానగరం చీపురు తరతరాలుగా రెల్లివాళ్ల చేతిలోనే ఎందుకుంది? అది వాళ్ల సంస్కృతి అంటారా?

మేం బడిలో పిల్లలకి చెప్పే మాట ఒకటే, చదువుకోండ్రా, ఉద్యోగమొస్తుంది అని. ఆ మాట వెనకాల నిలబడ్డది మా పాఠాలొక్కటే కాదు, పదహారో అధికరణం కూడా. ప్రైవేటు యజమానిని అది కట్టడి చెయ్యదు. ఫ్యాక్టరీ అమ్ముడైతే పొగగొట్టాలు అక్కడే ఉంటాయి, రోస్టరు రిజిస్టరు ఉండదు. 2025లో రాష్ట్రంలో ఎస్సీ వర్గీకరణ అయింది. రెల్లి వర్గానికి 1, మాదిగ వర్గానికి 6.5, మాల వర్గానికి 7.5 శాతం. వెనకబడ్డవాడు తన వాటా అడగడం న్యాయం, దాని మీద మాకు పేచీ లేదు. అయితే అన్నదమ్ములు గిన్నెలు సర్దుకునేలోగా వంటిల్లే అమ్మేస్తుంటే ఎవరూ నోరెత్తరేం?

నక్కపల్లి దగ్గర కొత్త ప్రైవేటు ఉక్కు ఫ్యాక్టరీ అంటున్నారు. దానికి ఖనిజం ఎలా అందించాలా అని రాష్ట్ర ప్రభుత్వమే ఢిల్లీ తిరిగింది. ఉన్న ఫ్యాక్టరీకి గని అడిగితే ఇన్నేళ్లూ వినబడలేదు! ప్రైవేటులో రిజర్వేషన్ కుదరదని ఇక చెప్పకండి. ప్రైవేటు పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని 2019లో మన అసెంబ్లీయే చట్టం చేసింది. అందులో కులం మాట లేదు, అంతే. స్థానికుడంటే ఎవరో తేల్చే చోట మనల్ని మర్చిపోయారు.

అందుకని అడుగుతున్నాం. 2021 నిర్ణయం రద్దని కాగితం మీద రాయండి. ఉక్కుకి సొంత గని ఇవ్వండి. ప్రభుత్వ భూమి, ప్రభుత్వ నీరు, ప్రభుత్వ రాయితీ తీసుకునే ప్రతి కంపెనీ ఒప్పందంలో ఎస్సీ, ఎస్టీ, బీసీల వాటా ఎంతో రాయండి. కాంట్రాక్టు పనికి కూడా. పాఠకులు ఎక్కడికక్కడ, పేట పేటకీ సంతకాలు పెట్టించి విశాఖ, అనకాపల్లి కలెక్టరాఫీసుల్లో అర్జీలివ్వండి. రసీదు తీసుకోవడం మర్చిపోకండి.