ఖాళీ గుల్ల ఎవరిది?

ఇంటర్మీడియట్‌లో జంతుశాస్త్రం చదివిన ప్రతివారికీ సన్యాసి పీత తెలుసు. సహజీవనం అనే పాఠంలో సముద్ర ఎనిమోన్‌ను వీపున మోసుకుంటూ వస్తుంది. రెండు మార్కుల ప్రశ్నకు నాలుగు వాక్యాలు బట్టీపట్టి, పరీక్షహాలులో అప్పజెప్పి, ఆపైన దాన్ని మరిచిపోతాం. మన కాలేజీ మెట్లు దిగి సముద్రం వైపు పావుగంట నడిస్తే అదే పీత సజీవంగా కనిపిస్తుందన్న సంగతి చాలామందికి తట్టదు. తట్టకపోవడానికి కారణం మన చదువుల తీరు. ఆ తీరు గురించీ, ఆ పీత గురించీ నాలుగు మాటలు చెప్పాలనే ఈ వ్యాసం.

ముందు పేరు సంగతి చూద్దాం. సన్యాసి అంటే ఇల్లూ వాకిలీ వదిలినవాడు. ఈ పీతకేమో ఇల్లే ప్రాణం. ఒక సన్యాసి తన కౌపీనాన్ని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చి, పిల్లికి పాలకోసం ఆవును తెచ్చి, ఆవును చూసుకోవడానికి ఇల్లాలిని తెచ్చి, చివరికి పూర్తి సంసారి అయిపోయిన కథ మన పెద్దలు చెబుతారు. ఈ పీత ఆ కథలోని సన్యాసి లాంటిది! శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లు కూడా తమాషాగానే ఉన్నాయి. ఒక ప్రజాతి పేరు డయోజెనీస్. పీపాలో కాపురమున్న గ్రీకు తత్త్వవేత్త పేరది. ఇంకొకటి సీనోబైటా, అంటే మఠంలో కలిసి బతికే సన్యాసి. మూడోది క్లైబనేరియస్, అంటే ఒళ్ళంతా ఇనప కవచం తొడిగిన ఆశ్వికుడు. ఒక తత్త్వవేత్త, ఒక మఠవాసి, ఒక సైనికుడు. ముగ్గురూ పరాయి కొంపలోనే కాపురం!

దానికి ఆ అవసరం ఎందుకొచ్చింది? మామూలు పీతకు ఒళ్ళంతా గట్టి పెంకు ఉంటుంది. సన్యాసి పీతకు ముందుభాగమే గట్టి, వెనక పొట్టభాగం మెత్తని సంచి లాంటిది. నత్తగుల్ల లోపలి మెలికకు సరిపోయేలా అదీ మెలితిరిగి ఉంటుంది. తోక చివర ఉండే కొక్కేల వంటి అవయవాలతో గుల్ల నడిమి స్తంభాన్ని పట్టుకుంటుంది. చివరి రెండు జతల కాళ్ళు నడవడానికి కాదు, గుల్లను లోపలినుంచి అదిమి పట్టుకోవడానికి. గుల్ల దానికి ఇల్లే కాదు, నీళ్ళకుండ కూడా. ఆటు సమయంలో నీరు వెనక్కుపోయి, రాళ్ళు ఎండకు పెనంలా కాలుతున్నప్పుడు గుల్లలో దాచుకున్న చెంచాడు నీరే దాని మొప్పల్ని తడిగా ఉంచుతుంది. గుల్ల పోయిన పీత అటు చేపకో, పక్షికో ఆహారం. కాకపోతే ఇటు ఎండకు ఆహుతి.

అయితే ఈ గుల్లను అది కట్టుకోలేదు. కట్టేది నత్త. నత్త బతికినంతకాలం తన ఒంట్లోంచే సున్నం తీసి ఇల్లు కడుతుంది. చచ్చాక ఆ ఇల్లు పీతకు దక్కుతుంది. సాధారణంగా ఈ పీతలు బతికున్న నత్తను చంపి ఇల్లు లాక్కోవు. ఏ వేటజీవి అయినా ఒక నత్తను తింటున్నప్పుడు ఆ వాసన నీటిలో వ్యాపించగానే చుట్టుపక్కల పీతలు అక్కడికి చేరతాయి. మాంసం మీద ఆశ కొంత, ఖాళీ కాబోయే ఇంటి మీద ఆశ కొంత. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మనవాళ్ళు. కట్టడం చేతకాని పీతకు ఇల్లు వెతుక్కోవడమే జీవితకాలం పని. ఎందుకంటే ఒళ్ళు పెరుగుతుంది, గుల్ల పెరగదు. ఇరుకు గుల్లలో చిక్కిన పీత సరిగా ఎదగదు, గుడ్లు తక్కువ పెడుతుంది, ఆపద వచ్చినప్పుడు పూర్తిగా లోపలికి దూరలేక దొరికిపోతుంది.

దగ్గర్లో ఖాళీ గుల్ల లేకపోతే ఒకటి ఇంకొకదాని తలుపు తడుతుంది. తట్టడమంటే నిజంగా తట్టడమే. తన గుల్లను ఎదుటివాని గుల్లకేసి టకటకమని కొడుతుంది, ఆగుతుంది, మళ్ళీ కొడుతుంది. లోపలివాడు ఓర్చుకుంటే నిలుస్తాడు, ఓర్చుకోలేకపోతే బయటికొచ్చి ఇల్లు అప్పగిస్తాడు. ఇది దౌర్జన్యమా, బేరమా అని 1978లో బ్రయన్ హాజ్లెట్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఒక ప్రశ్న వేశాడు. కొన్ని సందర్భాల్లో మార్పిడి తర్వాత ఇద్దరికీ మునుపటికన్నా సరిపడే ఇల్లు దొరుకుతుంది కనుక ఆ ప్రశ్న న్యాయమైనదే.

ఇంతకంటే చక్కని సంగతి ఇంకొకటి ఉంది. 1988లో ఐవన్ చేజ్ అనే సమాజశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు దీన్ని లోకానికి వివరించారు. ఒడ్డున ఒక పెద్ద ఖాళీ గుల్ల పడిందనుకోండి. ఒక పీత అందులోకి మారుతుంది. అది వదిలిన గుల్లలోకి కాస్త చిన్నది, దాని గుల్లలోకి ఇంకా చిన్నది. ఒక్క గుల్ల పడితే వరసగా ఎన్నో కాపురాలు బాగుపడతాయి. ఇది మనకు కొత్తేమీ కాదు. హాస్టల్లో ఫైనలియర్ వాళ్ళు గదులు ఖాళీ చేసిన వారంలో ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. కిటికీ పక్క మంచం కోసం ఒకడు, ఆ మంచం వదిలిన మూల కోసం ఇంకొకడు, ఆ మూల ఖాళీ అయితే అప్పటిదాకా స్నేహితుడి గదిలో చాప మీద పడుకున్న మూడోవాడు. ఎస్టేటు ఆఫీసులో క్వార్టర్ల జాబితా కదిలేదీ ఇలాగే. ఇప్పుడు తిరగేసి ఆలోచించండి. వరస మొదట్లోని ఒక్క గదికి తాళం వేస్తే వెనక ఉన్న అందరూ ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోతారు. ఒడ్డున పడిన పెద్ద గుల్లను జేబులో వేసుకున్నవాడు చేసేది అదే పని. ఒక వస్తువును తీశాననుకుంటాడు. నిజానికి ఒక వరసను తెంపాడు.

'ఇన్ని కోట్ల గుల్లల్లో నేను తీసిన నాలుగూ లెక్కా?' అని అడగవచ్చు. దీనికి రెండు జవాబులున్నాయి. మొదటిది, వాడుకోదగ్గ గుల్లలు చాలాచోట్ల అవసరానికి తక్కువే. 1972లో రిచర్డ్ వాన్స్ అనే పరిశోధకుడు అమెరికా పసిఫిక్ తీరంలో ఒక రాతిగట్టు మీద ఖాళీ గుల్లలు అదనంగా వేసి చూస్తే అక్కడ పీతల సంఖ్య పెరిగింది. అంటే వాటికి కొరత తిండి కాదు, ఇల్లు. రెండోది, నాలుగు గుల్లలు తీసేది నేనొక్కణ్ణే కాదు. స్పెయిన్‌లో సలూ దగ్గర లార్గా అనే బీచిలో 1978 నుంచి 1981 దాకా గుల్లలు లెక్కపెట్టి ఉంచారు. 2008 నుంచి 2010 దాకా మళ్ళీ లెక్కపెట్టారు. ఆ ముప్ఫయ్యేళ్ళలో యాత్రికులు దాదాపు మూడురెట్లయ్యారు, గుల్లలు దాదాపు మూడోవంతుకు పడిపోయాయి. 2014లో ఈ ఫలితాలు ప్రచురించారు.

ఆ కథలో నన్ను ఆకర్షించింది గుల్లలు తగ్గడం కన్నా మొదటి లెక్క. 1978లో ఎవరో ఓపిగ్గా వంగి గుల్లలు ఏరి లెక్క రాయబట్టే కదా నష్టం ఎంతో తెలిసింది! మన దగ్గర అలాంటి లెక్క ఉందా అన్నదే నా ప్రశ్న.

మనకు ఆ అర్హత లేక కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల తీరమంతా ఇసుక, బురద. విశాఖ నుంచి భీమిలి దాకా మాత్రం తూర్పు కనుమలు సముద్రం దాకా దిగివచ్చి నీళ్ళలో కాళ్ళు పెట్టుకు కూర్చున్నాయి. డాల్ఫిన్స్ నోస్, లాసన్స్ బే, జోడుగుళ్ళపాలెం, రుషికొండ, మంగమారిపేట రాళ్ళ మధ్య ప్రతి ఆటుకూ మడుగులు మిగులుతాయి. రోజుకు రెండుసార్లు తెరుచుకునే ప్రయోగశాల అది. పైన ఎండకు ఓర్చే చిన్న నత్తలు, కింద రాళ్ళకు అతుక్కున్న ఆల్చిప్పలు, ఇంకా కిందికి నాచు, ఆ నాచులో సన్యాసి పీతలు. 1926లో పుట్టిన మన విశ్వవిద్యాలయానికి ఈ ప్రయోగశాల ఉచితంగా దక్కింది.

మన పెద్దలు దాన్ని వాడుకున్నారు కూడా. ఆచార్య పి. ఎన్. గణపతిగారు, వారి శిష్యులు 1950, 60 దశకాల్లో ఈ తీరపు ఇసుక రేణువుల మధ్య బతికే సూక్ష్మజీవుల నుంచి హార్బరులో కొయ్యలకూ ఓడలకూ పట్టే జీవుల దాకా వివరంగా రాసిపెట్టారు. ఈ రాళ్ళ మీది నాచుల గురించి ఉమామహేశ్వరరావు, శ్రీరాములు గార్లు చేసిన పరిశీలన 1964లో బ్రిటిష్ ఎకాలజీ పత్రికలో అచ్చయింది. 1960ల చివర హార్బరులో ఓ చిన్న ఆల్చిప్ప గుంపులుగా కనిపించినప్పుడు, అది ఇక్కడిది కాదనీ, అట్లాంటిక్ అవతలి గట్టునుంచి వచ్చిన చుట్టమనీ మనవాళ్ళు గుర్తుపట్టగలిగారు. ఎలా? అంతకు ముందు ఇక్కడ ఏమేమున్నాయో రాసి ఉంచుకున్నారు కాబట్టి! ఇంటి సరుకు జాబితా ఉన్నవాడికే వచ్చిందేదో, పోయిందేదో తెలుస్తుంది.

ఆ తర్వాత ఈ తీరం తక్కువ మారలేదు. 1933లో మొదలైన రేవుకు 1976లో అవుటర్ హార్బరు తోడయింది. దాని రాతిగోడలు ఒడ్డు వెంట నడిచే ఇసుకను ఆపడం, రామకృష్ణా బీచి కోతకు గురికావడం, డ్రెడ్జర్లతో ఇసుక తెచ్చిపోయడం ఊరందరికీ తెలిసిన చరిత్రే. 1992లో ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు, 2009లో గంగవరం రేవు వచ్చింది, 2014 అక్టోబరులో హుద్‌హుద్ ఊరిని ఊపేసింది. వీటిలో ఏది రాతి మడుగుల్ని ఎంత మార్చింది అని అడిగితే ఎవరి అభిప్రాయం వారిది. లెక్క లేనిచోట అభిప్రాయాలకు కొదవేముంది? పోర్టు వద్దు, ఉక్కు వద్దు అనేవాణ్ణి కాను. ఉక్కు కోసం ఉద్యమించిన ఊరు ఇది. ఆ ఉక్కు కోసం ఇళ్ళు వదిలి వెళ్ళిన నిర్వాసితులకు ఇంటి విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏది కట్టినా కట్టకముందు ఏముందో, కట్టాక ఏం మిగిలిందో రాసిపెట్టుకోవడం బాధ్యత అనేదే నా వాదం.

గుల్లకు మనిషి పోటీ కొత్తది కాదు. గుల్ల సున్నంతో మన తాతలు గోడలకు వెల్ల వేశారు, తాంబూలం వేసుకున్నారు. గవ్వలతో అష్టాచెమ్మా ఆడుకున్నాం. బీచిలో తోపుడుబండి మీద శంఖాలు, గవ్వల దండలు అమ్మే మనిషిని తప్పుపట్టి లాభం లేదు. అతనికి అదే కూడు. 2001లో కొన్ని శంఖాలూ గవ్వలూ వన్యప్రాణి రక్షణ చట్టంలోకి వచ్చాయి, మంచిదే. కానీ సన్యాసి పీత కాపురముండే చిన్న నత్తగుల్ల ఏ షెడ్యూలుకూ ఎక్కదు. దానికి రక్షణ చూసేవాడి విజ్ఞత ఒక్కటే.

మనం గుల్లల్ని తీసేసి బదులుగా ఏమిస్తున్నామో కూడా చూడాలి. 2024లో కొందరు పరిశోధకులు ఇంటర్నెట్‌లో జనం పెట్టిన ఫోటోలు పరిశీలిస్తే, నేలమీద తిరిగే సన్యాసి పీతలు 386 మన చెత్తను ఇల్లు చేసుకుని కనిపించాయి. ఎక్కువభాగం ప్లాస్టిక్ మూతలే. ఆ రకం పీతల్లో ఉన్న 16 జాతుల్లో పదింటికి ఈ గతి పట్టింది. హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో ఇంకా ఘోరం. ఒడ్డున పడిన ప్లాస్టిక్ సీసాల్లోకి దూరి బయటికి రాలేక చచ్చిన పీతలు సుమారు 5 లక్షలని 2020లో అంచనా కట్టారు. ఒకటి చచ్చాక ఆ వాసనకు, ఇల్లు ఖాళీ అయిందనుకుని, మరొకటి లోపలికి వస్తుందట. వాటిని ఇంతకాలం బతికించిన తెలివే సీసాలో వాటికి ఉరి అయింది.

ఇక చేయవలసిన పని. మొదటిది, బీచి శుభ్రం చేసే ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో సీసాలు, మూతలు, తెగిన వలలు ఏరుదాం. గుల్లల్ని ఉన్నచోటే ఉంచుదాం. శుభ్రమంటే నున్నగా ఊడ్చిన ఇసుక కాదు. రెండోది, ప్రాక్టికల్ రికార్డు కోసం ప్రతి బ్యాచీ కొత్తగా పీతల్ని పట్టి ఫార్మలిన్‌లో ముంచనక్కర్లేదు. బీరువాలో ఉన్న సీసాయే పదేళ్ళ బ్యాచీలకు చాలు. విచ్ఛేదనలు తగ్గించమని యూజీసీ 2011లోనే చెప్పింది. ఆ గంటలు ఒడ్డున గడిపితే, సీసాలో ముడుచుకున్న శవం చెప్పలేనిది బతికున్న పీత చెబుతుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. విద్యార్థి సంఘం ఒక రాతిగట్టును ఎంచుకుని, దాని మీద పది చోట్ల మీటరు చదరం గుర్తులు పెట్టి, ఏటా ఒకే నెలలో, పౌర్ణమి లేక అమావాస్య తర్వాతి పెద్ద ఆటు సమయంలో లెక్క తీయాలి. పీతలెన్ని? ఏ నత్తగుల్లలో ఉన్నాయి? పగిలిన గుల్లలో ఎన్ని, ఇరుకు గుల్లలో ఎన్ని? ఖాళీ గుల్లలెన్ని? ప్లాస్టిక్ ఎంత? కావలసిన సరంజామా ఒక తాడు, ఒక స్కేలు, ఒక నోటుబుక్కు, ఆటుపోట్ల పట్టిక. రాయి తిప్పి చూసినవాడు మళ్ళీ యథాతథంగా పెట్టాలి, అంతే. ఆ లెక్కను ఏటా ఈ సంచికలోనే ఒక పేజీలో అచ్చువేయాలి. ఎన్నికల్లో గెలిచిన కార్యవర్గం ఏడాదికి మారుతుంది, ఆ పేజీ మాత్రం మారకూడదు.

ఇది పరిశోధకుల పని కదా అంటారేమో. పరిశోధకుడికి మూడేళ్ళ ఫెలోషిప్పు, ఆ తర్వాత వేరే అంశం. ఏటా కొత్త విద్యార్థులు వచ్చే కాలేజీ ఒక్కటే ఒక లెక్కను యాభయ్యేళ్ళు కొనసాగించగలదు. నత్త కట్టి వదిలినది పీతకు ఉపయోగపడినట్టు, ఒక బ్యాచీ రాసి వదిలినది తర్వాతి బ్యాచీకి ఇల్లవుతుంది. వచ్చే సంచికలో ఆ పేజీకి చోటు అట్టేపెట్టమని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను.